చల్లటి రియాక్టరూ, వేడి మీద మేనేజరూ

ఆ ఫ్యాక్టరీ మేనేజరు గారు నన్ను మొదటిసారి చూసినప్పుడు ప్రింటరు బాగుచేయడానికి వచ్చిన మనిషిననుకున్నారు. తప్పు ఆయనది కాదు. భుజాన లాప్‌టాప్ సంచీ, మెడలో ట్యాగు, ముఖం నిండా చెమట. గదిలోకి అడుగు పెట్టగానే ఆయన తల ఎత్తకుండా మూలకి చెయ్యి చూపించి, "అదిగో, సోమారం బట్టీ కాగితాలు నమిలేత్తంది. సూడండి," అన్నారు.

వెళ్ళి చూశాను. నలిగిన కాగితం ఒకటి రోలరు కింద ఇరుక్కుపోయి ఉంది. లాగి పడేశాను. ప్రింటరు గుర్రుమని లేచి, సోమవారం నుంచి మింగి కూర్చున్నవన్నీ వరసగా కక్కేసింది. ఆయన సంతోషించి టీ తెప్పించారు. టీతో పాటు జీడిపప్పు బిస్కెట్లు కూడా వచ్చాయి. ఆఖరి బిస్కెట్టు కూడా తినేశాక, చేతులు దులుపుకుని, నేను వచ్చింది ప్రింటరు కోసం కాదనీ, ఆయన రియాక్టరు ఎప్పుడు ఎలా పేలవచ్చో లెక్క కట్టడానికి ద్వారకా నగర్ నుంచి వచ్చాననీ చెప్పాను.

"పేలడమేటి?" అన్నారాయన. "నా రియాక్టరు ఎందుకు పేలుద్ది?"

"పేలదని రాసివ్వాలనే నాకూ ఉంది సార్. అందుకే వచ్చాను."

ఈ ముక్క ముందే చెప్పి ఉంటే బిస్కెట్లు వచ్చేవి కావని ఆయన ముఖం చూశాక అర్థమైంది.

మా ఆఫీసు ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు మీది అంతస్తులో ఉండేది. కింద పిల్లలు ఫార్ములాలు బట్టీ పట్టేవాళ్ళు, పైన మేం అవే ఫార్ములాలతో పొట్ట పోసుకునేవాళ్ళం. రసాయన ఫ్యాక్టరీల్లోని రియాక్టర్లకీ, ద్రావకాలను మరిగించి వేరుచేసే డిస్టిలేషన్ కాలమ్‌లకీ కంప్యూటర్లో లెక్కలతో ఒక నకలు తయారుచేయడం మా పని. అసలు రియాక్టరుతో ఆడకూడని ఆటలన్నీ ఆ నకలుతో ఆడవచ్చు. దానికి చల్లటి నీళ్ళు ఆపేయవచ్చు. కలిపే కవ్వాన్ని నిలిపేయవచ్చు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎన్నిసార్లు పేల్చినా ఎవరి వెంట్రుకా కాలదు. నాకు చిన్నప్పటి నుంచీ వస్తువులు పాడుచేసి చూడడం సరదా. దానికి జీతం కూడా ఇస్తారని తెలిసి ఈ ఉద్యోగంలో చేరాను.

ఈ ఫ్యాక్టరీ తగరపువలస దాటాక హైవే మీంచి లోపలికి తిరిగితే వస్తుంది. మందుల కంపెనీలకి ముడిసరుకు చేసి పంపే చిన్న ఫ్యాక్టరీ. వాళ్ళ సరుకు కొనే విదేశీ కంపెనీ ఒకటి, రియాక్టరు భద్రత లెక్కలు చూపిస్తేనే కొత్త ఆర్డరు ఇస్తామని మెలిక పెట్టింది. హెడ్డాఫీసు వాళ్ళు మా బాసుకి ఫోను చేశారు, బాసు నన్ను పంపాడు. మేనేజరు గారికి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేరు.

ఆయన పూర్ణా మార్కెట్ పక్క సందుల్లో పుట్టి పెరిగిన మనిషి. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా రియాక్టర్ల మధ్యే బతికారు. థర్మామీటరు చూసే ముందు అరచెయ్యి గొట్టానికి ఆనించి, కళ్ళు మూసుకుని, ఇంత ఉందని చెప్పేవారు. చాలాసార్లు దగ్గర దగ్గరగా ఉండేది. ఆయన సిద్ధాంతం ఒక్కటే. దాన్ని ఎర్ర అక్షరాలతో బోర్డు మీద రాయించి రియాక్టరు షెడ్డు గోడకి కొట్టించారు: చల్లగా ఉంచండి, చల్లగా ఉండండి.

రియాక్టరంటే మరేం లేదు, మూత బిగించిన పెద్ద స్టీలు గంగాళం. దాని చుట్టూ ఇంకో తొడుగు, ఆ తొడుగులో చల్లటి నీళ్ళు తిరుగుతుంటాయి. గంగాళంలో ఒక ద్రవం ఉంటుంది. పైనున్న ట్యాంకులోంచి ఇంకో ద్రవాన్ని సన్నటి ధారగా వదులుతారు. రెండూ కలిసినప్పుడు వేడి పుడుతుంది. పుట్టిన వేడిని నీళ్ళు పట్టుకుపోతాయి. పుట్టేది ఎంత, పోయేది ఎంత, ఈ రెండే నా లెక్కలో ప్రశ్నలు. కాకపోతే క్షణక్షణానికీ అడుగుతూ పోవాలి.

మేనేజరు గారు భద్రత కోసమని ఆ గంగాళాన్ని తయారీ కాగితాల్లో రాసిన పద్ధతి ప్రకారం ఉండాల్సిన దానికంటే బాగా చల్లగా నడిపేవారు. చల్లగానే ఉంది కదా అన్న ధీమాతో పై ద్రవాన్ని చప్పున వదిలేసి, షిఫ్టు మారేలోపు బ్యాచ్ ముగించేవారు. ఇన్నేళ్ళలో ఒక్క చుక్క చిందలేదు. నేను వెళ్ళిన రోజు కూడా అంతా బంగారంలా నడుస్తోంది.

ప్రయోగశాలలో ఆ రెండు ద్రవాల్నీ చిన్న గిన్నెలో కలిపి ఎంత వేడి పుడుతుందో కొలిపించాం. ఆ కొలతలు నా నకలులో పెట్టాను. బ్యాచ్ సగంలో ఉండగా చల్లటి నీళ్ళు ఆపేశాను. తెర మీద ఉష్ణోగ్రత గీత కాసేపు కునికిపాట్లు పడింది. తర్వాత మెల్లగా లేచింది. ఆ తర్వాత నిటారుగా పైకి పోయి, తెర దాటి వెళ్ళిపోయింది.

సరే, ఇంకా చల్లగా నడిపి చూద్దామని పది డిగ్రీలు తగ్గించాను. ఇంకా ఘోరంగా పోయింది. మళ్ళీ తగ్గించాను. మళ్ళీ ఘోరం. విసుగొచ్చి, పద్ధతిలో రాసినట్టు వేడిగా ఉంచి, ధార సన్నం చేసి నడిపాను. నీళ్ళు ఆపితే గీత కొంచెం లేచి, ఆవులించి, అక్కడే కూర్చుండిపోయింది.

మా బాసుని పిలిచాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "ఎక్కడో ప్లస్సుకి మైనస్ పెట్టి ఉంటావు," అన్నాడు. నాకూ అదే అనుమానం. ఇద్దరం కూర్చుని లెక్కంతా కాగితం మీద చేత్తో వేశాం. ప్లస్సులు ప్లస్సులుగానే ఉన్నాయి, మైనస్సులు మైనస్సులుగానే. తప్పు ఎక్కడా లేదు. విషయం ఏమిటంటే, మరీ చల్లగా ఉంటే రెండు ద్రవాలూ కలిసినా పని మొదలుపెట్టవు. పైనుంచి వచ్చింది వచ్చినట్టే గంగాళంలో పోగుపడుతుంది. పైకి అంతా చల్లగా, ప్రశాంతంగా కనబడుతుంది. నీళ్ళు ఆగి కొంచెం వేడెక్కిందంటే, ఆ పోగుపడిందంతా ఒక్కసారిగా పనిలోకి దిగుతుంది.

"దీన్ని ఆయనకి నువ్వే చెప్పు," అన్నాడు బాసు. "నీ ప్రింటరు పరిచయం ఉంది కదా."

నేను గ్రాఫులు రంగుల్లో వేయించుకుని వెళ్ళాను. మేనేజరు గారు చాలా మర్యాదగా విన్నారు. మధ్యలో రెండుసార్లు టీ పోయించారు. బిస్కెట్లు లేవు. అంతా అయ్యాక గ్రాఫు కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూశారు, అలా అయితే గీత కిందకి దిగుతోంది కదా అన్నట్టు.

"మేడమ్, నానొక మాటడుగుతాను, ఏటీ అనుకోకండి. జరమొచ్చినోడికి తడిగుడ్డ ఏత్తామా, దుప్పటి కప్పుతామా?"

"తడిగుడ్డే సార్. కానీ ఇది..."

"అదీ. మీరు దుప్పటి కప్పమంతన్నారు."

పక్కన నిలబడ్డ షిఫ్టు ఇన్‌చార్జి దగ్గొచ్చినట్టు నటించి నవ్వుకున్నాడు. అతను ముప్ఫై దాటని కుర్రాడు, మేనేజరు గారిని చాటుగా బావ అనీ ఎదురుగా సార్ అనీ పిలిచేవాడు. తడిగుడ్డకి ఎదురు పెట్టడానికి నా దగ్గరున్నవన్నీ సమీకరణాలు.

ఆ పూట ఆకలితో, ఉక్రోషంతో క్యాంటీనుకి వెళ్ళాను. క్యాంటీను నడిపేది ఒక పెద్దావిడ. నేను వచ్చిన మొదటి రోజే అన్నం వడ్డిస్తూ, "ఏ ఊరు పిల్లా మీది?" అని మొదలుపెట్టింది. మా అమ్మ పుట్టిల్లు ఆ దగ్గర పల్లేనని తెలిసేసరికి గరిటె పక్కన పెట్టి, వేళ్ళ మీద ఎవరెవరినో లెక్కవేసి, "అయితే నాను నీకు పిన్నినవుతాను," అని తేల్చింది. ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు గానీ, ఆ రోజు నుంచి నా పళ్ళెంలో చేపముక్క పెద్దదైంది.

"మొకం అలగుందేటి?" అంది పిన్ని.

చెప్పాను. రియాక్టరు సంగతి ఆవిడకి పట్టలేదు గానీ, మేనేజరు గారు మాట వినలేదన్న ముక్క బాగా పట్టింది. "ఆయన తిండి కాడా అంతే. ఫోను ఒగ్గడు. ఒక సెయ్యి ఫోను, ఒక సెయ్యి పళ్ళెం. తిన్నాడో నేదో ఆయనకే తెల్దు," అంది.

ఆ మాటతో నా బుర్రలో ఏదో వెలిగింది. ఆ వారంలోనే కొత్త బాయిలరుకి కొబ్బరికాయ కొట్టబోతున్నారు. ఆ రోజు క్యాంటీనులో బూరెలు. మేనేజరు గారికి బూరెలంటే ప్రాణమని ఫ్యాక్టరీ అంతటికీ తెలుసు. పిన్ని చెవిలో నా ఉపాయం ఊదాను.

"ఓలమ్మ, నా కాంట్రాట్టు పీకేత్తాడు," అంది.

"నా మీద తోసెయ్ పిన్నీ. ఆ పిల్లే ఏయమందని సెప్పు."

"అదెలగూ సెప్తాన్లే," అని ఒప్పుకుంది.

కొబ్బరికాయ కొట్టిన రోజు భోజనాల దగ్గర నేను మేనేజరు గారికి ఎదురుగా కూర్చున్నాను. ఆయన కూర్చోగానే హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది. అది నా ఏర్పాటు కాదు, ఆ ఫోను రోజూ ఆ వేళకే వస్తుంది. ఆయన ఫోను చెవికి ఆనించి, ఎడాపెడా లెక్కలు చెబుతూ, నెమ్మదిగా ఒక బూరె కొరికారు. పిన్ని వచ్చి రెండు వేసింది. ఆయన ఇంకా మొదటిదాన్నే నములుతున్నారు. పిన్ని మళ్ళీ వచ్చి రెండు వేసింది. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపారు. పిన్ని ఆ చేతిని కావాలన్నట్టుగా అర్థం చేసుకుని ఇంకో రెండు వేసి, పైన నెయ్యి పోసింది. చుట్టుపక్కల తినేవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. పళ్ళెంలో చిన్న కొండ లేచింది. ఆయన ఫోను పెట్టేసి కిందకి చూశారు.

"ఏటిది?"

"మీ రియాక్టరు సార్," అన్నాను.

పిన్ని గరిటె పట్టుకుని పొయ్యి వెనక్కి తప్పుకుంది.

"మీరు ఫోనులో ఉండి నెమ్మదిగా తిన్నారు. అది చల్లదనం. వడ్డించేవాళ్ళు ఆపలేదు, అది పై ట్యాంకు. మీ పళ్ళెం ఇప్పటిదాకా ప్రశాంతంగానే ఉంది. ఇప్పుడు ఇవన్నీ ఒక్కసారే తినాల్సి వస్తే ఏమవుతుందో, నా గ్రాఫులో అదే ఉంది."

షిఫ్టు ఇన్‌చార్జి సాంబారు గిన్నెలోకి చూస్తున్నాడు. మేనేజరు గారు పళ్ళేన్ని, నన్ను, మళ్ళీ పళ్ళేన్ని చూశారు. ఆయన కోప్పడతారని సిద్ధంగా ఉన్నాను. నవ్వుతారని కొంచెం ఆశ కూడా పడ్డాను. ఆయన రెండూ చేయలేదు. చొక్కా చేతులు పైకి మడిచారు.

"తింటే ఏటవుద్ది? ఏటీ అవదు," అని, ఒక్కటీ వదలకుండా, నా కళ్ళలోకి చూస్తూ అన్నీ తినేశారు. మంచినీళ్ళు తాగి, లేచి, "సూసేరు కదా," అని వెళ్ళిపోయారు.

నా ఉపాయం అలా బోల్తా కొట్టింది. సాయంత్రం మా బాసు ఫోను చేసి, "బూరెల గొడవేమిటి?" అని అడిగాడు. కబురు నాకంటే ముందు ద్వారకా నగర్ చేరింది. ఏం లేదు సార్, శిక్షణ కార్యక్రమం అన్నాను.

మర్నాడు మేనేజరు గారు డ్యూటీకి రాలేదు. ఆయన సెలవు పెట్టడం ఎవరూ ఎరగరు. పిన్ని పొద్దున్నే నాకు ఫోను చేసి, "ఆయనకేటైనా అయితే ఇద్దరం జైలుకే," అని ఏడుపు గొంతుతో అంది. నాకు నిజంగానే భయం వేసింది. రియాక్టరు పేలకుండా చూడమని పంపిస్తే మనిషిని పేల్చి వచ్చానన్న పేరు ఊరంతా మోగిపోతుంది.

ఆ మర్నాడు ఆయన వచ్చారు. కొంచెం చిక్కిన ముఖంతో, చేతిలో మజ్జిగ సీసాతో. నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"తిన్నప్పుడు బాగానే ఉంది," అన్నారు నెమ్మదిగా. "ఇంటికి ఎల్లీవరకూ బాగానే ఉంది. మా ఆవిడతో గొప్పగా సెప్పాను కూడానూ. అక్కడి నుంచి మొదలైనాది."

"నా గీత కూడా మొదట కునికిపాట్లు పడుతుంది సార్."

ఆయన మజ్జిగ ఒక గుక్క తాగారు. తర్వాత గ్రాఫు కాగితం తీసి, ఈసారి తిన్నగానే పెట్టుకుని, "మరి ఆ వడ్డన ఆగాలంటే ఏటి సెయ్యాలి?" అని అడిగారు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. రియాక్టరుని పద్ధతి ప్రకారం వేడిగా ఉంచడం, ధార సన్నం చేయడం, బ్యాచ్‌కి ఎక్కువ సమయం ఇవ్వడం. అన్నిటికంటే ముఖ్యమైనది, పై ట్యాంకు కింద తనంతట తానే మూసుకునే వాల్వు. రియాక్టరు మరీ చల్లబడినా, మరీ వేడెక్కినా, కవ్వం ఆగినా, నీళ్ళు ఆగినా అది ధార ఆపేస్తుంది. ఆ వాల్వుకి డ్రాయింగులో పెద్ద పేరే ఉంది. కుర్రాళ్ళు మాత్రం దానికి పిన్ని వాల్వు అని పేరు పెట్టారు. పిన్ని ఎప్పుడూ వడ్డన ఆపలేదు కాబట్టి ఆ పేరు సరికాదని నేను వాదించాను గానీ ఎవరూ వినలేదు. బోర్డు కూడా దించేశారు. మేనేజరు గారు దాని వెనకవైపు రంగు వేయించి పార్కింగు బాణం గుర్తు రాయించారు.

అసలు పరీక్ష వానాకాలంలో వచ్చింది. ఆ మధ్యాహ్నం నేను వేరే పని మీద ఫ్యాక్టరీలోనే ఉన్నాను. బ్యాచ్ సగంలో ఉంది. చల్లటి నీళ్ళ పంపు మోటారు కాలిపోయింది. దాని జత పంపు ఉంది గానీ, స్విచ్చి వేస్తే మూలిగి ఊరుకుంది. ఫిట్టరు పాన పట్టుకుని పరుగెత్తాడు. మేనేజరు గారు షెడ్డులో ఉన్నవాళ్ళందరినీ గేటు దగ్గరికి పంపించేశారు. దూరంగా ఉన్న కంట్రోలు గదిలో ఆయన, షిఫ్టు ఇన్‌చార్జి, నేను మిగిలాం.

వాల్వు మూసుకుంది. తెర మీది ఉష్ణోగ్రత అంకె పెరగడం మొదలైంది.

"అమ్మా, నీ గీత ఏటంతంది?" అన్నారాయన. నన్ను మేడమ్ అనకపోవడం అదే మొదటిసారి.

"ఇంకో ఏడెనిమిది డిగ్రీలు పెరిగి ఆగుతుంది సార్."

చాలా ధైర్యంగా చెప్పాను. అప్పుడే గమనించాను, కూర్చున్న కుర్చీని ఎప్పుడు జరుపుకున్నానో తెలియదు, తలుపు పక్కకి చేరాను. ఒక కాలు గుమ్మం బయట ఉంది. లెక్క మీద నా తలకి ఉన్న నమ్మకం ఇంకా నా కాళ్ళదాకా దిగలేదు. షిఫ్టు ఇన్‌చార్జి కిటికీలోంచి గాలి ఎటు వీస్తోందో చూస్తున్నాడు. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు ఆ చూపు చూశారంటే వాన గురించి కాదు, గ్యాసు వస్తే ఎటు పరుగెత్తాలో తేల్చుకోవడానికి.

అంకె పెరిగింది. ఇంకా పెరిగింది. తర్వాత ఒక్కో అంకె మారడానికి ఎక్కువ సమయం పట్టసాగింది. ఒక చోట ఆగింది. ఆగి, చాలాసేపు అక్కడే నిలబడి, ఒక డిగ్రీ తగ్గింది. అప్పటికి అవతలి నుంచి పంపు మోత వినబడింది.

మేనేజరు గారు తెర దగ్గరికి వంగి చూసి, "ఏడెనిమిదన్నావు. ఐదే పెరిగింది," అన్నారు.

"షెడ్డు గాలికి పోయే వేడిని నేను లెక్కలోకి తీసుకోలేదు సార్. కావాలనే, తక్కువ చెప్పి మోసపోకూడదని."

"తీసుకో మరి. సేసే పని సక్కగా సెయ్యాలి," అని, నా కుర్చీ ఎక్కడుందో చూసి, గుమ్మంలో ఉన్న నా కాలు దాటుకుని బయటికి నడిచారు.

మర్నాడు ఆయనే అడిగి, పాత పద్ధతిలో నడుస్తుండగా ఆ పంపు ఆగి ఉంటే ఏమయ్యేదో వేయించుకున్నారు. గీత కాగితం పై అంచు దాటి వెళ్ళిపోయింది. ఆయన దాన్ని తలకిందులు చేయలేదు. షెడ్డు బయట బల్ల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయారు. ఎదురుగా షిఫ్టు మారుతోంది. కుర్రాళ్ళు హెల్మెట్లు తీసి, బైకులు తీసుకుని, ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుంటూ వెళ్తున్నారు.

"ఈలందరికీ నానే నేర్పేను, సల్లగా ఉంచమని," అన్నారు.

నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆయనే కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టీ తాగుదామా అన్నారు. వెళ్ళి తాగాం. పిన్ని బిస్కెట్లు కూడా పెట్టింది.

ఆయన బాధ ఎంతో కాలం నిలవలేదు, ఎందుకంటే ఆయన స్వభావం అది కాదు. భద్రతా వారోత్సవాల్లో హెడ్డాఫీసు వాళ్ళు ఆయన్ని మాట్లాడమన్నారు. నేను మూడో వరసలో కూర్చున్నాను. ఆయన మైకు పట్టుకుని, చల్లగా నడిపితే ప్రమాదమన్న సంగతి తాను ఎలా గ్రహించారో కథలా చెప్పారు. ఆ కథలో, ద్వారకా నగర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఎంత చెప్పినా అర్థం కాకపోతే, ఆయనే ఉపాయం ఆలోచించి, బూరెలు తెప్పించి, ఆ అమ్మాయి పళ్ళెంలో వేయించారు. ఆ అమ్మాయి పాపం అన్నీ తినేసింది. మర్నాడు సెలవు పెట్టింది. హాలంతా ఘొల్లుమంది. ఆయన నా వైపు చూసి, చెయ్యి చూపించి, "ఈ తల్లే," అన్నారు. నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాను. ఇంకేం చేయను? కథ ఆయన నోట్లో నా నోట్లో కంటే బాగుంది.

ఆ తర్వాత ఆయనకి లెక్కల పిచ్చి పట్టుకుంది. తర్వాతి వంతు డిస్టిలేషన్ కాలమ్‌ది. వాడేసిన ద్రావకాన్ని మరిగించి మళ్ళీ శుభ్రం చేసుకునే పొడవాటి స్టీలు గొట్టం అది. లోపల మెట్లుమెట్లుగా పళ్ళేలుంటాయి. ఆవిరి పైకి వెళ్ళాలి, ద్రవం కిందకి దిగాలి. ఆవిరి మరీ ఎక్కువైతే ద్రవాన్ని దిగనివ్వదు, కాలమ్ గొంతుదాకా నిండిపోతుంది. ఇది నేను ఆపరేటర్లకి గ్రాఫులతో చెప్పబోతే ఆయన అడ్డొచ్చారు. "పండగ ముందు పూర్ణా మార్కెట్లో ఇరుకు మెట్లున్నాయి సూడండి. ఎక్కీవోలు ఎక్కువైపోతే దిగీవోడు సంచీలట్టుకుని మెట్ల మీదే నిలబడిపోతాడు. అదీ ఇది," అన్నారు. అందరికీ చప్పున అర్థమైంది. నా గ్రాఫులు సంచీలోంచి బయటికి కూడా రాలేదు.

కాలమ్ విషయంలో నేను చూడాల్సింది ఇంకొకటి ఉంది. మరిగిమరిగి అడుగున మిగిలే చిక్కటి మడ్డి. అది వేడి మీద ఎక్కువసేపు నిలిచిపోతే మెల్లగా తనంతట తాను విరిగిపోవడం మొదలుపెట్టి, వేడి పుట్టిస్తుంది. ఏదైనా చెడితే ఎంతసేపటిలోగా బాగుచేసి చల్లార్చాలన్నది లెక్క. ఆ పని సగంలో ఉండగా హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దమనిషి నాకు ఫోను చేశాడు.

"మేడమ్, మీ మోడల్ ప్రకారం ఆదివారాలు కాలమ్ నడపకూడదట కదా. మేనేజరు గారు చెప్పారు. నిజమేనా?"

నా మోడల్‌కి, అదే నా నకలుకి, వారాలు తెలియవు. ఆదివారం షిఫ్టు పెట్టమని హెడ్డాఫీసు ఒత్తిడి చేస్తోందనీ, మేనేజరు గారికి అది ఇష్టం లేదనీ మాత్రం నాకు తెలుసు. "చూసి చెబుతానండీ," అన్నాను.

వెంటనే మేనేజరు గారికి ఫోను చేసి, ఇదేమిటి సార్ అని అడిగాను.

"నీ లెక్కంటే ఆలు భయపడతన్నారమ్మా. నా మాటంటే భయపడరు," అన్నారు, సిగ్గనేది లేకుండా.

"నా లెక్కలో ఆదివారం లేదు సార్."

"పెట్టు మరి. ఆదోరం ఫిట్టరు ఒక్కడే. ఆడి ఇల్లు గాజువాక. ఏదైనా సెడితే ఆడు సేపల బజారు నుంచి ఇంటికెల్లి, బట్టలు మార్చుకుని, ఇక్కడికొచ్చీసరికి ఎంతసేపవుద్ది? అదేసి సూడు."

ఫోను పెట్టేసి నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆపి ఆలోచించాను. బాగుచేయడానికి ఎంత సమయం పడుతుందన్నది నా లెక్కలో నిజంగానే ఒక అంకె. దాన్ని నేను అన్ని రోజులకీ ఒకటే అనుకుని వేశాను. గాజువాక నుంచి తగరపువలస దాటి రావడమంటే ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి ఈదడమే. ఆ సమయం పెట్టి నడిపాను. మడ్డి ఉష్ణోగ్రత గీత, పాత రియాక్టరు గీతలా కాకపోయినా, నాకు నచ్చని వంపు ఒకటి తిరిగింది. రెండోసారి వేసినా అదే వంపు. బాసు చూసి, ఈసారి ప్లస్సూ మైనస్సూ అనలేదు.

నివేదికలో ఉన్నదున్నట్టు రాశాను: ఫిట్టర్లు పూర్తి సంఖ్యలో లేని రోజుల్లో కాలమ్ నడపడం క్షేమం కాదు. నడపాలంటే ఇంకో ఫిట్టరుని అక్కడే ఉంచాలి. ఇంకో ఫిట్టరుని పెట్టడం కంటే ఆదివారం మానేయడమే నయమని హెడ్డాఫీసు అనుకుంది. ఆదివారం షిఫ్టు మాట అక్కడితో ఆగిపోయింది.

ఆ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం ఆయన ఫోను చేశారు. వెనక నుంచి పెనంలో ఏదో చిటపటలాడుతున్న చప్పుడు.

"సేపలేపుతన్నారమ్మా. ఫిట్టరు కుర్రాడు తెచ్చి ఇచ్చేడు, పండుగొప్పలు. నీ పేరు సెప్పుకుని తింటన్నాం."

"సంతోషం సార్. నెమ్మదిగా తినండి."

"అది సరే గానీ," అని గొంతు తగ్గించారు, పక్కనెవరో వింటారన్నట్టు, "దసరా ముందు రోజుక్కూడా ఏదైనా లెక్కుంటాదేమో, ఒక పాలి సూత్తావేటి?"